ఏరి పారేసిన ఆకులు

శుక్రవారం సాయంత్రం చంద్రకాంతమ్మ మేడమ్ నా స్లైడ్ల పెట్టెకు మూత వేసి, "ఇంతటితో చాలు ధరణీ, సోమవారం కమిటీలో నీ టాపిక్ మార్పించేస్తాను" అనేసి కారెక్కి పోయినారు. నేను డిపార్టుమెంటు మెట్ల మీద ఆ పెట్టె పట్టుకొని, ఏడవాలో ఎవర్నన్నా కొట్టాలో తెలీక నిలబడి ఉన్నాను. పోయిన వారం మీరు నన్ను వదిలిపెట్టి పోయింది ఆ మెట్ల మీదనే. శనివారం గురించి చెప్పేదానికి ఏమీ లేదు. హాస్టల్లో ఎవరు పలకరించినా కరిచేటట్టు చూసినానంట.

కథలోకి ఇప్పుడే వచ్చినవాళ్ల కోసం నా గొడవేందో రవ్వంత చెప్తాను. నేను తిరుపతిలో వృక్షశాస్త్రంలో పీహెచ్‌డీ చేస్తా ఉండాను, చంద్రకాంతమ్మ మేడమ్ నా గైడు. మా పల్లె పుత్తూరు పక్కన. ఊర్లో ఎవరన్నా అడిగితే మా నాయన "ఆకుల చదువు" అంటాడు. అది తప్పు కూడా కాదు. రావికి కాడకు ఒకే ఆకు ఎందుకుండాది, మారేడుకు మూడు ఎందుకుండాయి, మునగకు లెక్కలేనన్ని ఎందుకుండాయి అనేదే నా చదువు. మొక్కల్లో ఒక జన్యువు ఉండాది. కొమ్మ కొసన మొగ్గలో అది ఎప్పుడూ పనిచేస్తానే ఉంటుంది. ఆకు పుట్టబోయే చోట మాత్రం నోరు మూసుకుంటుంది. ఒంటాకు చెట్లలో చాలా మటుకు మూసిన నోరు మూసినట్టే ఉంటుంది. టమోటా మాదిరి మొక్కల్లో చిగురాకు రవ్వంత లేచినాక మళ్లీ తెరుస్తుంది. అది మాట్లాడతా ఉన్నంతసేపూ ఆ ఆకు పసితనం వదలదు, పక్కన ఇంకో చిన్నాకు, ఇంకో చిన్నాకు పెట్టుకుంటా పోతుంది. జన్యువు అన్ని చెట్లలోనూ ఉండాది, ఊరికే ఉంటే చాలదు. అది యాడ పనిచేసింది, ఎంతసేపు పనిచేసింది అనేదాన్ని బట్టే ఆకు రూపం. టమోటాలో ఈ సంగతి బయటి దేశాలవాళ్లు ముందే చూపించినారు. మన మారేడులో నేను చూపిస్తానని మొండిపట్టు పట్టినాను.

పట్టి ఏం చేసినానంటే, మేడమ్ ఇంటి పెరట్లో మారేడు నుంచి చిగుళ్లు కోసి, మైనంలో పెట్టి, పల్చగా పొరలు తీసి, ఆ జన్యువు పనిచేసే చోట ఊదారంగు పడే మందు పోసి చూసినాను. ఊర్లో ఇన్ని మారేడు చెట్లుండగా ఆ చెట్టే ఎందుకంటే, తిరుపతిలో వీధిలో ఉండే మారేడుకు చిగురు నిలవదు. సోమవారం పూజకని ఆదివారం పొద్దుగూకే లోపల జనం కొమ్మలు మాత్రం మిగిల్చి పోతారు. మేడమ్ ఇంటి చెట్టుకు గోడ ఉండాది, గేటు ఉండాది, మేడమ్ ఉండారు. ఆకుల లెక్క తానే చూసుకుంటానన్నారు ఆమె, స్లైడ్లు నన్ను చూసుకోమన్నారు. ఆమె లెక్క ప్రకారం చెట్టంతా మూడాకులే. ఆ లెక్క ఆమె పేరుతో ఎప్పుడో పత్రికలో అచ్చు కూడా అయింది. నా స్లైడ్లు మాత్రం ఒకటి చెప్పిన మాట ఇంకోటి చెప్పలేదు. కొన్ని చిగుళ్లలో రంగే లేదు, కొన్నిట్లో లేత, కొన్నిట్లో ముదురు. ఆకులన్నీ ఒకే మాదిరి ఉండి రంగు మాత్రం ఇట్ల తలా ఒక తీరుగా ఉంటే, నేను అనుకున్నదన్నా తప్పయి ఉండాల, నా పనితనమన్నా తప్పయి ఉండాల. మేడమ్ దృష్టిలో రెండూ తప్పే. ఇదంతా మూసిపెట్టి కొండ మీది మందుమొక్కల పేర్లు రాసుకోమన్నారు. నా వయసంతా పోసి చేసిన పని, సోమవారం మధ్యాహ్నానికి ఉండదు.

ఆదివారం పొద్దున్నే అలిపిరి పక్కన ఉండే మేడమ్ ఇంటికి బయల్దేరినాను. బస్సులో కూర్చున్నంతసేపూ మాటలు కూడగట్టుకున్నాను. మర్యాదగా మొదలుపెట్టాల, గొంతు లేవకూడదు, ఏడుపు రాకూడదు. ఇంకో గైడును చూసుకుంటానని చివర్లో అనాల. నాకు తిక్క రేగితే ఆ చివరి మాటే ముందు వస్తుందని నాకూ తెలుసు.

గేటు తీసేసరికి మేడమ్ అరుగు మీద పీట వేసుకొని కూర్చోనుండారు. తలకు పోసుకొని తడిజుట్టు ముడేసుకున్నారు. ఒళ్లో చాట, చాట నిండా మారేడాకులు. సోమవారం మారేడు కోయకూడదు కాబట్టి ముందు రోజే కోసి పెట్టుకుంటారు. నన్ను చూసి ఎదురుగా ఉన్న చాప చూపించినారు. కూర్చున్నాను. యాడ మొదలుపెట్టాలా అని ఆమె చేతులకేసి చూస్తా ఉండిపోయినాను.

ఆ చేతులు భలే పనిచేస్తాయి. ఆకు తీస్తారు, బొటనవేలితో వెనకా ముందూ తడుముతారు, ఎడమ పక్క ఇత్తడి పళ్లెంలో పెడతారు. ఇంకోటి తీస్తారు, తడుముతారు, పళ్లెంలో పెడతారు. ఒకటి తీసి తడిమి అరుగు కిందకు వేస్తారు. అది చూసేదానికి కూడా తల దించరు. ఎప్పుడో ఒకటి మాత్రం తీసి, కళ్లకద్దుకొని, వెనకాల ఉండే స్టీలు గిన్నెలో పెడతారు. చిన్నప్పటి నుంచి నేను చూస్తా ఉండే పనే ఇది. మా ఇంట్లో మా అమ్మా ఇట్లే చేస్తాది. అందుకే నాకు వెంటనే తట్టలేదు.

ఏదో ఒకటి అడగాలని, నా లెక్కకు ఆకులు యాడ నుంచి తీస్తారు మేడమ్ అని అడిగినాను. పళ్లెంలో నుంచి దేవుడికి కావాల్సినవి తీసి పెట్టినాక మిగిలినవాటితో లెక్క వేస్తానన్నారు. అరుగు కింద పడేసినవి ఎందుకని అడిగితే, విరిగినవి, పనికిరావన్నారు. గిన్నెలోవి అడిగితే, ఐదాకులవి, అరుదుగా దొరుకుతాయి, శ్రీకాళహస్తికి పంపిస్తామన్నారు. మళ్లీ తన పనిలో తానుండారు.

అప్పుడు తట్టింది.

అరుగు దిగి ఆ పారేసిన కుప్ప ముందు గొంతు కూర్చున్నాను. ఒక ఆకు తీసినాను. అది విరిగింది కాదు. కాడ నున్నగా ఉండాది, పక్కాకులు ఊడిపోయిన గుర్తు కూడా లేదు. పుట్టడమే ఒక్క ఆకుగా పుట్టింది. ఇంకోటి తీసినాను, అదీ అంతే. మూడోది రెండాకులది. చీడ తిన్నవీ, చినిగినవీ ఉండాయి, కాదనను. అయితే ఆ కుప్పలో సగానికి పైన ఏ దెబ్బా తగలని ఆకులు. మూడు లేవు, అంతే వాటి తప్పు. తక్కువవి చెత్తలోకి పోయినాయి, ఎక్కువవి దేవుడి దగ్గరికి పోయినాయి, మధ్యలోవి మాత్రం నా దగ్గరికి వచ్చినాయి. ఆ మధ్యలోవి చూసి, చెట్టంతా ఒకే మాదిరి ఉండాదని మేము తీర్మానం చేసేసినాము.

ఒళ్లో పట్టినన్ని ఆకులు ఎత్తుకొని అరుగు మీద పెట్టినాను. మేడమ్ చాట పక్కన పెట్టి, ఏందిది, పారేసినవి మళ్లీ పైకి తెస్తావా అని కసురుకున్నారు. మర్యాదగా మొదలుపెట్టాలనుకున్నది అంతా గాలికి పోయింది. ఈ చెట్టుకు ఒంటాకులు ఉండాయి మేడమ్, మీరే ఏరి పారేస్తా ఉండారు అనేసినాను. ఆమె మొహం మారిపోయింది.

"నువ్వు పుట్టకముందు నుంచి ఈ చెట్టు ఆకులు కోస్తా ఉండాను. ఆకు ఏరడం నాకు తెలీదంటావా?"

"తెలుసు కాబట్టే మేడమ్. తెలీని మనిషయితే చాటలో ఉండేవన్నీ తెచ్చి నా ముందు పోసేది."

ఆ మాట అన్నాక నాకే భయమేసింది. గైడుతో ఇట్ల మాట్లాడినవాళ్లెవరూ మా డిపార్టుమెంటులో మిగల్లేదు. లేచి పొమ్మంటారేమోనని చెప్పుల కోసం కూడా చూసినాను. మేడమ్ పొమ్మనలేదు. చాటలో నుంచి ఒక ఆకు తీసి, కావాలని కళ్లు మూసుకొని, బొటనవేలితో తడిమినారు. వేలు ఒక్క క్షణం ఆగింది. చెయ్యి దానంతట అదే అరుగు అంచుకు పోయింది. అక్కడ ఆపుకొని కళ్లు తెరిచి చూసినారు. చేతిలో ఒంటాకు ఉండాది.

"మా అమ్మ నేర్పించింది," అన్నారు మెల్లగా. "కన్నుతో పనిలేదు, వేలికే తెలిసిపోతాది అనేది."

ఆ ఆకును కింద వెయ్యలేదు, పళ్లెంలోనూ పెట్టలేదు, నా ఆకుల పక్కన పెట్టినారు. కోపమంతా యాడికి పోయిందో నాకు. ఇన్నేండ్లు చేతులతో తాను ఏం చేస్తా ఉండారో తనకే తెలీని మనిషిని ఎదురుగా పెట్టుకొని ఎట్ల కోప్పడేది. నాకు ఆమె మీద జాలేసింది, దాని వెనకనే ఎగిరి గంతెయ్యాలనిపించింది. రెండూ ఒకేసారి రావడం నాకు అదే మొదలు.

ఆమె లేచి స్టీలు గిన్నె వైపు చూసి ఆగినారు. దేవుడికని కళ్లకద్దుకున్నవి వెనక్కు తియ్యడం ఆమెకు చేతకాదు, అది నాకు తెలుసు, అడగలేదు. లోపల పూజగదిలోకి పోయి, దేవుడి ముందు కాసేపు నిలబడి, అక్కడ పాత తమలపాకుల పళ్లెంలో ఎండబెట్టి దాచిన ఏడాకుల మారేడు ఒకటి తెచ్చినారు. గిన్నెలోవి కూడా తీసుకున్నారు. అరుగు మీద వరసగా పెట్టుకుంటా పోయినాము. ఒకటి, రెండు, మూడు, నాలుగు కూడా ఉండాది చూడండి, ఐదు, ఏడు. ఒకే చెట్టు. ఒకే నేల, ఒకే నీళ్లు, ప్రతి ఆకులోనూ అదే జన్యువు. అది ఒకదాంట్లో తొందరగా ఊరుకుంది, ఇంకోదాంట్లో ఊరుకోలేదు. నేను టమోటానీ రావినీ పక్కపక్కన పెట్టి ఊర్లన్నీ తిరిగి చూపించాలనుకున్నది, ఈ ఒక్క అరుగు మీద పరిచి ఉండాది. నేను నవ్వతా ఉండాను, కళ్లలో నీళ్లు కూడా వస్తా ఉండాయి, తుడుచుకోలేదు.

మేడమ్ మాత్రం నవ్వలేదు. ఆకులు తలా ఒక మాదిరి ఉండాయని తెలిసింది, అంతవరకే అన్నారు. రంగు లేని చిగుళ్లు ఒంటాకు కొమ్మలవేనని ఎవరు చెప్పినారు అని అడిగినారు. నేను అప్పుడే జవాబు చెప్పినాను. చిగురు కోసిన ప్రతి కొమ్మకూ ఒక రంగు ఊలుదారం కట్టి, స్లైడు మీద అదే రంగు చుక్క పెట్టినాను. దారాలు ఇంకా చెట్టు మీదనే ఉండాయి. నేను కోసిన నాటికి చెట్టు ఆకు రాల్చి చిగురే పెట్టింది, ఆకుల లెక్క మేడమ్‌ది కాబట్టి విచ్చినాక ఏ కొమ్మకు ఏ ఆకు వచ్చిందో నేను చూడలేదు.

మేడమ్ నన్ను నిలబెట్టి చూసినారు. తర్వాత ఫోను దగ్గరికి పోయి హాస్టలుకు చేసి, మా సీనియర్ మునిప్రసాద్‌ను ల్యాబులో నేను పెట్టేసిన స్లైడ్ల పెట్టె, చిన్న మైక్రోస్కోపు తీసుకొని ఉన్నపళంగా రమ్మన్నారు. మునిప్రసాదన్న టీవీఎస్ మీద వచ్చేసరికి నేను అరుగు మీద ఆ కొసకూ ఈ కొసకూ తిరగతా ఉండాను. అతను నన్ను చూసి, ఏమ్మా, కాపలాకుక్క మాదిరి గుమ్మానికి కట్టేసినారా అని ఎగతాళి చేసినాడు. అరుగు మీద పరిచిన ఆకులు చూసినాక ఎగతాళి మానుకున్నాడు.

మేడమ్ పద్ధతి పెట్టినారు. స్లైడ్ల సంగతి నేను నోరెత్తకూడదు. చెట్టెక్కి దారం రంగు, ఆ కొమ్మ ఆకులు మాత్రమే గట్టిగా చెప్పాల. ఆమె అరుగు మీద మైక్రోస్కోపులో చూసి రంగు ఎంతుండాదో చెప్తారు. కోసేసినందువల్ల ఒంటాకులు మాత్రం మిగిలినాయేమో, ప్రతి కొమ్మ మీదా కోసిన గుర్తులు చూడమన్నారు. శుక్రవారం మూత వేసిన మనిషేనా ఈమె అనిపించింది నాకు.

మొదట పసుపు దారం, చెట్టు మొదలు దగ్గర మొలిచిన ముళ్ల కొమ్మ. పూజకు ఎవరూ ముట్టుకోనిది, కోసిన గుర్తు ఒక్కటీ లేదు. అన్నీ ఒంటాకులే అని అరిచినాను.

"రంగు లేదు," అన్నారు మేడమ్.

తెల్లదారం. అదీ కింది కొమ్మే, ఒంటాకులే. రంగు లేదన్నారు. ఎర్రదారం నిచ్చెన మీదకు ఎక్కితే అందింది, మంచి మూడాకుల కొమ్మ. ఈసారి మేడమ్ నాకంటే ముందే చెప్పేసినారు, చిగురాకు అడుగున లేతగా ఉండాదని. నేను మూడు అని అరిచినాను. మునిప్రసాదన్న నిచ్చెన పట్టుకోవడం మర్చిపోయి చప్పట్లు కొట్టినాడు. పక్కింటి భారతమ్మ గోడ మీద నుంచి తొంగి చూసి, పామేమైనా కనపడిందా అని అడిగింది. అక్కడే నిలబడిపోయింది. నాకు చెట్టు మీద ముళ్లు గుచ్చుకుంటా ఉండేది కూడా తెలీడం లేదు. సోమవారం కమిటీ ముందు ఏం మాట్లాడాలో అప్పుడే మనసులో మొదలైపోయింది. మా నాయనకు ఫోను చేసి చెప్పేదే తరువాయి.

ఇంక నీలం దారం. అది పైన గోడ పక్కకు పోయిన కొమ్మ మీద ఉండాది. మునిప్రసాదన్న గోడెక్కి కొమ్మను వంచి నా వైపు పట్టినాడు. నేను ఇంకా చెయ్యి చాచకముందే మేడమ్ గొంతు వినపడింది. ఆ గొంతులో అంత సంతోషం నేనెప్పుడూ విన్లేదు.

"ధరణీ, ఇది అన్నిటికన్నా ముదురు. చిగురాకంతా ఊదారంగే. ఐదుండాల ఆడ, లేకపోతే ఏడుండాల."

కొమ్మ నా చేతికి వచ్చింది. దారం నాదే, ముడి నాదే. ఆకులు చూసినాను. మళ్లీ చూసినాను. కోసిన గుర్తుల కోసం కాడ కాడా తడిమినాను, ఒక్కటీ లేదు. ఆ కొమ్మ కొసన ఉండేవి కొన్ని ఆకులే, అన్నీ ఒంటాకులే. రంగు అన్నిటికన్నా ఎక్కువ ఉండే చిగురు కోసింది, ఒక్క చిన్నాకు కూడా పక్కన పెట్టుకోని కొమ్మ నుంచి. నేను అనుకున్నది నిజమైతే ఇది ఉండకూడదు. ఇది నిజమైతే నేను అనుకున్నది ఉండకూడదు.

మునిప్రసాదన్నకు కూడా కనపడింది. అతను మంచివాడు, నా బాగు కోరేవాడు, అందుకే మెల్లగా అన్నాడు.

"తుంచెయ్. అన్నీ కలిపి పిడికెడుండవు. మూడు కొమ్మలు సరిపోయినాయి కదా, దీన్నెవరు చూస్తారు?"

నిజమే. వేళ్ల మధ్యనే ఉండాయి. తుంచితే గోడ అవతల పడతాయి, అటు ఆకులు పారేసుకునే కుప్పే. ఎవరికీ తెలీదు. నా బొటనవేలు అప్పటికే కాడ మీదకు పోయింది. నేను పంపింది కాదు, అదే పోయింది.

"ఏముండాదమ్మా ఆడ?" అని మేడమ్ అరుగు మీద నుంచి పిలిచినారు.

వేలు కాడ మీద నుంచి వెనక్కు తీసుకున్నాను. తర్వాత చెప్పేసినాను.

"ఒంటాకులే మేడమ్. అన్నీ."

మైక్రోస్కోపు పక్కకు జరిపిన చప్పుడయింది. మేడమ్ అరుగు దిగి నడిచి వచ్చి చెట్టు కింద నిలబడి తలెత్తి చూసినారు. భారతమ్మ కూడా చూసింది. మునిప్రసాదన్న కొమ్మ వదల్లేక, పట్టుకోలేక ఇబ్బంది పడతా ఉండాడు. ఎండ అప్పటికే గట్టిగా కాస్తా ఉండాది.

"తుంచొద్దు," అన్నారు మేడమ్. "ఒక్క ఆకు కూడా. రేపు కమిటీ నా గదిలో కూర్చోదు, వాళ్లను ఈ చెట్టు కిందకు తీసుకొస్తాను. నేను అచ్చేసిన లెక్క తప్పని ముందు నేను చెప్తాను. ఆ తర్వాత వాళ్లకు నేను చూపించే మొదటి కొమ్మ ఇదే."

"ఇదే ఎందుకు మేడమ్? పసుపుదీ, ఎర్రదీ చూపించండి ముందు."

"నేను ఇన్నాళ్లూ చేసింది అదే కదా ధరణీ. రేపు పొద్దున లోపల ఈ కొమ్మ సంగతి నువ్వు తేల్చి చెప్పలేకపోతే, నీ టాపిక్ నేనే మూసేస్తాను."